ఎడమవైపు నాన్న

కొత్త కాపురానికి ఆమె పట్టుబట్టి తెచ్చుకున్నది నాన్న స్టీరియో ఒక్కటే. ఆమె చిన్నప్పుడు తండ్రీకూతుళ్లిద్దరూ పాడిన పాటని, తన గొంతు ఎడమ స్పీకర్లో, కూతురి గొంతు కుడిదాంట్లో వినిపించేలా ఆయనే క్యాసెట్లో రికార్డు చేశాడు. అల్లుణ్ణి చూడకుండానే పోయాడు.

ఆ రాత్రి భర్త తీగలు కలిపాడు. పాట మొదలైంది.

"ఏవండోయ్, మా నాన్నని కుడివైపు కూర్చోబెట్టారు!" పకపకా నవ్విందామె.

"మామగారికే చోటు మార్చానా? లెంపలేసుకుంటాను!" అంటూ అతను క్యాసెట్ ఆపి, స్పీకర్ల తీగలన్నీ ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు.

గదిలో చడీచప్పుడూ లేదు. అప్పుడు ఎడమ స్పీకర్ గొంతు సవరించుకుంది.

"కంగారేం లేదు అల్లుడుగారూ. ఎరుపు తీగ ఎరుపుకి."

ఆ వెంటనే పాట ఎత్తుకుంది. తీగలింకా అతని చేతిలోనే ఉన్నాయి. ఆమె మాత్రం చిన్నపిల్లలా వెళ్లి, తన వంతు కోసం కుడి స్పీకర్ పక్కన కూర్చుంది.