సగం గీకిన తీగ

మోటారు ఈసారీ తిరగలేదు. అటు ఒక ఊగు, ఇటు ఒక ఊగు, అంతే.

ఉదయలక్ష్మికి ఏడుపొక్కటే తక్కువ.

మోటారంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఒక బ్యాటరీ, దాని రెండు చివర్లకూ నిలబెట్టిన పిన్నీసులు, బ్యాటరీ మీద చిన్న అయస్కాంతం, పిన్నీసుల కన్నాల్లో రాగితీగ చుట్ట. పదో తరగతి పుస్తకంలో బొమ్మ చూస్తే ఇట్టే తిరిగేలా ఉంటుంది.

రేపు పొద్దున కొత్తపేట బడిలో అది తిరిగి తీరాలి.

"క్లాసు నచ్చితే ఉద్యోగం మీదే. లేదంటే పాత సారునే పిలుస్తాను. ఆయనా మళ్లీ వస్తానని కబురంపాడు" అని కరస్పాండెంటు ముందే చెప్పేశాడు.

ఉద్యోగం రాకపోతే మూటాముల్లె సర్దుకుని తెనాలి బస్సెక్కాల్సిందే. ఆ బస్సులు కూడా లేవు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మరి!

బ్యాటరీ అయిపోయిందేమోనని, మోటారును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని చంపాపేట నుంచి కాలినడకన బయల్దేరింది. దారి పొడవునా షట్టర్లు దించే ఉన్నాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు చేరేసరికి విజయవాడ రోడ్డు మీద బండ్లకు బదులు పొయ్యిలు కనిపించాయి.

వంటావార్పు! నడిరోడ్డు మీద వండుకుని తినడమే నిరసన. డప్పులు, పాటలు, పొగ. పెళ్లివారిల్లే నయం.

"ఏమండీ, ఇక్కడ బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయండీ?"

ఆ రెండు 'అండీ'లకు నాలుగు తలలు ఇటు తిరిగాయి. తన తెనాలి యాస దొరికిపోయిందని ఉదయలక్ష్మి భయంతో ఒకడుగు వెనక్కి వేసింది.

కిచిడీ గుండిగలో గరిటె తిప్పుతున్న పెద్దాయన మాత్రం ఆమె చేతిలోని డబ్బా వంక చూశాడు. గళ్ల లుంగీ, మెడలో తువ్వాల, మోచేతుల దాకా పసుపు.

"డబ్బల ఏముంది బిడ్డా?"

"మోటారండీ. తిరగట్లేదు."

"ఏదీ, జర సూపెట్టు."

గరిటెను పక్కన నిలబడ్డ అండాలమ్మ అనే ఆవిడ చేతికిచ్చి, చేతులు తుడుచుకుని, తీగ కొసలను ఎండకు ఎత్తి చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"బ్యాటరీ మంచిగనే ఉంది. నువ్వే మస్తు గీకినవ్!"

రాగితీగ మీది పూత గీకితేనే కరెంటు పారుతుందని, రెండు కొసలనూ బ్లేడుతో తళతళలాడేలా గీకింది ఆమె.

"గీకాలి కదండీ?"

"ఒక్క కొస మొత్తం గీకాలె. రెండోది ఒక పక్కనే, సగమే గీకాలె. సగం సుట్టు కరెంటు తోస్తది, సగం సుట్టు ఇడిసిపెడ్తది. ఇడిసిపెడ్తెనే గద, తన ఊపుతోని తాను తిరిగేది! ఎప్పుడు పట్టుకునే ఉంటె, ముందుకు తోసినదే ఎన్కకు గుంజుతది."

ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసైన ఉదయలక్ష్మికి సిగ్గూ సంబరమూ కలిసే వచ్చాయి.

"మరి ఇప్పుడెలాగండీ? మొత్తం గీకేశాను."

"అండాలమ్మా, గోర్ల రంగు ఉందా?"

అండాలమ్మ సంచిలోంచి సీసా తీసింది. చూస్తే గులాబీ రంగు!

"రంగు సుత మన జెండాదే!" అని ఎవరో కేకేశారు. అంతా ఘొల్లుమన్నారు. ఉదయలక్ష్మి కూడా భయం మరిచి నవ్వేసింది.

పెద్దాయన ఒక కొసకు ఒక పక్కన మాత్రమే రంగు పూసి, "ఇది ఆరేదాక తిను" అంటూ విస్తట్లో కిచిడీ వడ్డించి, మళ్లీ గరిటె అందుకున్నాడు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. తింటూ తింటూ తన గోడంతా వెళ్లబోసుకుంది.

"నా క్లాసు నచ్చకపోతే పాత సారు వచ్చేస్తాడటండీ. కాచుక్కూర్చున్నాడు మహానుభావుడు!"

"ఏ బడి బిడ్డా?"

చెప్పింది.

గుండిగలో గరిటె ఆగింది.

"రామస్వామన్నా, కలుపు! అడుగంటుతది" అని అండాలమ్మ అరిచింది.

గరిటె మళ్లీ తిరిగింది.

"రంగు ఆరినట్టుంది. పెట్టి సూడు" అన్నాడాయన.

తీగ చుట్టను పిన్నీసుల్లో పెట్టి, వేలితో చిన్నగా తట్టింది.

గిర్రుమంది!

డప్పాయన దరువేశాడు. పొయ్యిల దగ్గరి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఉదయలక్ష్మి నడిరోడ్డు మీద చిన్నపిల్లలా గంతేసింది.

వెళ్లబోతుంటే పెద్దాయన మళ్లీ పిలిచాడు.

"రేపు కరెంటుంటదో ఉండదో. బల్లను కిటికీ కాడికి గుంజు. ఆఖరి బెంచీ దాక కనపడ్తది."

అనుకున్నట్టే మర్నాడు, సమ్మెలోనూ ఆగని ఆ పదో తరగతి గదిలో కరెంటు లేదు. ఆమె బల్లను కిటికీ దగ్గరికి లాగింది. మోటారు పొద్దుటెండలో గిర్రున తిరిగింది. పిల్లలు బెంచీలెక్కి ఈలలేశారు.

"సగం సుట్టు తోస్తది, సగం సుట్టు ఇడిసిపెడ్తది!" పెద్దాయన మాట ఆయన యాసలోనే నోటికొచ్చేసింది. క్లాసంతా ఒకటే కేరింతలు.

ఆఖరి బెంచీలో కరస్పాండెంటు కూడా చప్పట్లు కొట్టాడు.

"ఇంక మీరే మా ఫిజిక్స్ టీచరు. పాత సారుకు రావద్దని చెప్పేస్తాను."

సంతోషం పట్టలేక ఉదయలక్ష్మికి కళ్లు చెమ్మగిల్లాయి. సాయంత్రం లడ్డూలు పట్టుకుని ఎల్‌బీ నగర్ వెళ్లాలి, ఆ వంటాయనకు తన చేత్తో తినిపించాలి అనుకుంది.

గంట కొట్టాక, ముందు బెంచీ విజయశ్రీ నవ్వుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది.

"టీచర్, అచ్చం మా పాత సార్ లెక్కనే చెప్పిన్రు! ఆయన సుత బల్లను గీ కిటికీ కాడికే గుంజుతుండె."

డబ్బా మూత పెడుతున్న ఉదయలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

"మీ పాత సారు ఇప్పుడెక్కడున్నారమ్మా?"

"రామస్వామి సారా? ఎల్‌బీ నగర్ల, వంటావార్పు కాడ గరిటె తిప్పుతున్నడు టీచర్!"