ఇంటిపట్టున ఓడెట్

“అది ఆకులా లేదు టాన్యా, కోడి పాదంలా ఉంది,” అంది మర్నా.

కోడలు టాన్యా చేతిలోని పంచదార పూత గొట్టాన్ని బల్లమీద పడేసింది. “నోట్లో వేసుకునేదానికి ఏ పాదమైతే ఏం అత్తయ్యా?”

ఓడెట్ నవ్వి ఆ కుకీని తన ముందుకు లాక్కుంది. పసుపు పూత ఇంకా తడిగానే ఉంది. దానిమీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు పెట్టి, టూత్‌పిక్‌తో ఇటు గీసి అటు లాగింది. కోడి పాదం మేపుల్ ఆకైపోయింది. అంచుల్లో ఎరుపు, నడుమ పసుపు, ఈనెలతో సహా.

మర్నా కోడలి వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకి టాన్యా ఎప్పుడో అలవాటు పడిపోయింది.

అమెరికాలో, వెర్మాంట్ కొండల్లోని ఆ చిన్న ఊరికి ఓడెట్ వచ్చింది మొన్న వేసవిలోనే. ఒంటరి మనిషి. అక్టోబరు వచ్చేసరికి ఆ వీధిలో ఆమె కుకీలు తినని ఇల్లు లేదు. ఎదురింటి మర్నా అయితే రోజూ హాజరు.

ఎప్పుడు తలుపు తట్టినా ఓడెట్ ఇంట్లోనే ఉండేది. షికార్లు లేవు, బజారు తిరుగుళ్ళు లేవు. కావలసిన సరుకులు గుమ్మంలోకే తెప్పించుకునేది. కొండలమీద ఆకులు రంగులు మారుతుంటే చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో కార్లేసుకుని వస్తున్నారు. ఓడెట్ మాత్రం గాలికి గుమ్మంలోకి కొట్టుకొచ్చిన ఆకుల్నే ఏరి దగ్గర పెట్టుకుని, వాటిని చూసి పూత దిద్దేది.

మర్నాకి ఆమెలో నచ్చింది అదే.

“ఇల్లు కనిపెట్టుకుని ఉండే ఆడదాన్ని ఈ రోజుల్లో ఎక్కడ చూశాం? మా ఇంట్లోనూ ఉంది ఒకతి. కాలు ఒకచోట నిలవదు.”

“కాళ్ళున్నది అందుకే కదా,” అంది టాన్యా. “ఇలా ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. నీకెక్కదా ఓడెట్?”

“ఎక్కుతుంది. ఎక్కినప్పుడల్లా ఓవెన్‌లో ఇంకో ట్రే పెడతాను.”

అత్తాకోడళ్ళిద్దరూ నవ్వారు. ఓడెట్ ఫ్రిజ్‌లోంచి గట్టిపడిన పిండి ముద్ద తీసి కర్రతో వత్తడంలో పడింది.

“అవునూ, గురువారాలు వస్తాడే, బూడిదరంగు కారతను, మీ అన్నయ్యా?” మర్నా ఆరా తీసింది.

“కాదండీ. నా బాగోగులు చూసి పోతుంటాడు.”

“కుకీలు పెట్టకపోయావా, పాపం?”

“పెట్టి చూశాను. ముట్టుకోడు.”

“మొహమాటం. మనసులో మాట చెప్పలేకపోతున్నాడు,” అని మర్నా తేల్చేసింది. ఆ వెంటనే అసలు విషయానికి వచ్చింది. “శనివారం చర్చిలో పంటల విందు. కుకీల బల్ల నీకే అప్పజెప్పాం. నువ్వే వచ్చి నిలబడాలి.”

ఓడెట్ తలెత్తలేదు. “ఎన్ని కావాలన్నా చేసి పంపిస్తాను మర్నా గారూ. ఇల్లు వదిలి రావడం మాత్రం కుదరదు.”

మర్నా బతిమాలింది. కసిరింది. చివరికి లోలోపల మురిసిపోయింది కూడా.

ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ, వానకి తడిసిన ఆకులమీద కాలు జారి మర్నా వాకిట్లో పడింది. టాన్యా అప్పటికే వీధి దాటేసింది.

“ఓడెట్, కాస్త చెయ్యివ్వమ్మా. లేవలేకపోతున్నాను.”

ఓడెట్ పరుగున వచ్చింది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఒక పాదం గాల్లోకి లేచి, మళ్ళీ లోపలే దిగింది. రెండు చేతులూ ద్వారబంధాన్ని పట్టుకున్నాయి. ఇద్దరికీ మధ్య నాలుగంగల దూరం. “టాన్యా, మీ అత్తయ్య పడిపోయారు, రా,” అని గొంతు చించుకుని పిలిచింది.

టాన్యా వెనక్కి పరుగెత్తుకొచ్చి అత్తని లేపింది. మోకాలు దోక్కుపోయింది, అంతే.

“అలా చూస్తూ నిలబడ్డావేం?” అంది టాన్యా.

ఓడెట్ ద్వారబంధాన్ని వదల్లేదు. మొహం పాలిపోయింది. జవాబు మర్నాయే చెప్పింది.

“ఓవెన్‌లో ట్రే మాడిపోదూ? పొయ్యిమీద పని వదిలేసి వీధిలోకి పరుగెత్తేది ఇల్లాలెలా అవుతుంది? అదే నీకూ తనకీ ఉన్న తేడా. ఊఁ, పట్టు, పద.”

మర్నా అంతటితో ఊరుకోలేదు. మర్నాటినుంచి కుంటుకుంటూ వీధంతా తిరిగింది. ఓడెట్ విందుకి రాకపోతే విందునే ఆమె దగ్గరికి తీసుకుపోదామంది. శనివారం మధ్యాహ్నానికి ఆడవాళ్ళందరూ ఓడెట్ ఇంట్లోనే ఉన్నారు. బల్లనిండా మేపుల్ ఆకులు, గుమ్మడికాయలు, ఓక్ కాయలు. అన్నీ కుకీలే.

పాస్టరుగారి భార్య విన్నీ ఆపిల్ రసం గ్లాసు ఎత్తింది.

“ఉన్నచోటినుంచి కదలకుండా మనందర్నీ ఒకచోటికి చేర్చింది ఈ అమ్మాయి. ఇల్లంటే ఇంత మమకారం ఉన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. మన ఆడపిల్లలు ఈమెని చూసి నేర్చుకోవాలి.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఓడెట్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వినయం చూసి మళ్ళీ కొట్టారు.

టాన్యా పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. “మొన్న అలా అడిగినందుకు ఏమీ అనుకోకు.”

“నువ్వడిగినదాంట్లో తప్పేం లేదు,” అంది ఓడెట్.

“రాత్రికి చర్చికి ఒక్కసారైనా వచ్చిపోరాదూ? పాటలుంటాయి.”

“వచ్చే ఏడాది తప్పకుండా వస్తాను.”

సాయంకాలానికి ట్రేలు ఎత్తుకుని, నవ్వుకుంటూ, తోసుకుంటూ అందరూ చర్చివైపు వెళ్ళిపోయారు. వాళ్ళ మాటలు మలుపు తిరిగేదాకా ఓడెట్ గుమ్మంలోనే నిలబడి విన్నది.

తర్వాత తలుపు వేసి, కుర్చీలో కూలబడి, పొడుగు స్కర్టు పైకి లాగి, గుమ్మం దాటితే పోలీసులకి కబురు చేరేలా కోర్టువాళ్ళు చీలమండకి బిగించిన నల్ల పట్టీని ఛార్జింగుకి పెట్టుకుంది.