దుప్పటి తెర

ప్రాగ్ శివార్లలో మంచం పట్టిన ఓటకార్ చేత ఓటు వేయించడానికి బ్యాలెట్ పెట్టె మోసుకొచ్చిన ఎన్నికల ఉద్యోగి డ్రాహొమీరా, గుమ్మంలోనే ఆగిపోయింది.

"తలుపు తీయలేదని చెప్పి పోదాం. ఎవడడుగుతాడు?" అన్నాడు తోడొచ్చిన వీట్. అతనికి ఆ కథ తెలుసు. కమ్యూనిస్టుల ఏలుబడిలో, రహస్యంగా ఓటేద్దామని తెర వెనక్కి వెళ్లబోయిన ఆమె తండ్రిని, "నీకేం దాపరికమయ్యా?" అని ఊరందరి ముందూ గద్దించింది ఈ ముసలాయనే. నెల తిరక్కుండా, బడిపంతులైన ఆ తండ్రి ఉద్యోగం ఊడి, బాయిలర్ గదిలో బొగ్గు ఎత్తుతున్నాడు.

"ఈ రోజు కోసమే కదా ఇన్నాళ్లూ కాచుకున్నాను," అంటూ ఆమె లోపలికి నడిచింది.

ఓటకార్ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. "పెట్టె ఇటు తే అమ్మాయ్. నీ కళ్ల ముందే వేస్తా. నాకేం దాపరికం?"

"కుదరదు." పెట్టె, ఓటు కాగితం ఆయన పక్కన పెట్టి, మంచం మీది దుప్పటి లాగి, ఆయనకు అడ్డంగా తెరలా ఎత్తిపట్టుకుని మొహం తిప్పుకుంది. "ఇప్పుడు వేయండి."

"చూడు తల్లీ! చూడకపోతే రేపు నా మీద ఏం చెబుతావో!"

"ఆ భయం మీరు పెట్టిందే. మీరే అనుభవించండి."

కాగితం చప్పుడు లేదు. "చేతులు లాగుతాయి, దించమ్మా," అన్నాడు చివరికి.

"మా నాన్న పద్దెనిమిదేళ్లు బొగ్గు ఎత్తాడు. నేను దుప్పటి ఎత్తలేనా?"

తెర వెనక ముసలాయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. వీట్ తొంగి చూడబోయాడు.

ఆమె దుప్పటిని ఇంకాస్త పైకెత్తింది.