పందికొక్కు గారి పొడుగు ప్రార్థన

పక్షుల సంఘానికి పెద్ద ఒక పందికొక్కు. ఎలా అయ్యాడంటారా? ప్రార్థన బాగా చేస్తాడట!

తినబోయే ముందు ప్రతి పక్షీ ముక్కున పట్టినన్ని గింజలు దేవుడి పేరున తీసిపెట్టేది, దిక్కులేని పిట్టల కోసం. ఆ గింజల బుట్ట పెద్దాయన దగ్గరుండేది.

రెక్క విరిగిన పిచ్చుక పస్తులుంటోందని తెలిసి సలోమమ్మ కోడికి ఒళ్ళు మండింది. "ఆ గింజలన్నీ ఏమైనట్టు అయ్యగారూ?" అని సంఘంలోనే నిలదీసింది.

"అనుమానం సైతాను పని! అందరూ కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేద్దాం."

ప్రార్థన సాగుతూనే ఉంది, మధ్యమధ్యలో కరకరమంటూ. సలోమమ్మ ఒక కన్ను తెరిచింది. పెద్దాయన బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఆమె బుట్టను చప్పుడు కాకుండా, పక్కనే కూర్చున్న పిచ్చుక ముందుకు లాగేసింది.

"కానివ్వండి అయ్యగారూ, ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాం."

పెద్దాయన బుట్టకోసం తడుముకున్నాడు. వెంటనే ఆమెన్ అనేశాడు.