పావు తిప్పు

“మళ్లీ ఎక్కిళ్లేనా మాస్టారూ?”

“మళ్లీ అవే మేస్త్రీ. నీ చెయ్యి పడితే గానీ తగ్గేలా లేవు.”

పాత కారు షెడ్డు ముందు రెండుసార్లు ఉలిక్కిపడి ఆగిపోయింది. అందులోంచి రిటైరైన లెక్కల మాస్టారు దిగారు. చొక్కా జేబులో పెన్ను, దాని పక్కన వేలెడంత స్క్రూడ్రైవరు. కళ్లజోడు మర ఎప్పుడూ వదులేనని దాన్ని వెంట ఉంచుకుంటారు.

“నాన్న వేళకి తింటున్నాడా చిట్టీ?” అని బెంచీ దగ్గరున్న మేస్త్రి కూతుర్ని అడిగారు.

“తింటున్నాడు మాస్టారూ,” అంది చిట్టి. మనసు ఆ మాట మీద లేదు. వరసగా ఇది ఆరో గురువారం. బాగుచేసి పంపిన కారు వారం తిరిగేసరికి అదే జబ్బుతో వస్తోంది.

ఆ కారుకి జంట కార్బ్యురేటర్లు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపేవి అవే. రెండూ సమానంగా ఊపిరి పీల్చాలి. మేస్త్రి మీటర్లు వాడడు. రబ్బరు గొట్టం ఒక కొస కార్బ్యురేటర్ నోటి దగ్గర, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, ఆ ఊపిరి వింటూ చిన్న మరని వెంట్రుకవాసి తిప్పుతాడు. ఆ చెవికి తిరుగులేదని పేరు.

ఆ చెవే పోతోందని చిట్టి భయం. భార్య పోయినప్పటి నుంచి మేస్త్రి అడిగినదానికి తప్ప నోరు విప్పడం లేదు. చెవి కూడా మొరాయిస్తే షెడ్డు పేరు ఏం కాను? ఇంకొక్క వారం చూసి, కార్బ్యురేటర్ల పని ఆయన చేతుల్లోంచి తీసుకోవాల్సిందే అనుకుంది. ఆ మాట ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు.

“మీ కారు కంటే మీ బడి పిల్లలే నయం మాస్టారూ. ఏడాదికొక్కసారే పరీక్ష తప్పేవాళ్లు,” అన్నాడు మేస్త్రి గొట్టం చెవిలో పెట్టుకుంటూ.

“నువ్వు మాత్రం పదో ఎక్కం దాటావా ఏంటి?”

మేస్త్రి పకపకా నవ్వాడు. వారంలో ఆయన నవ్వు వినపడేది ఈ ఒక్కరోజే. కాసేపటికి ఇంజిన్ నిద్రపోతున్న పిల్లిలా గుర్రుమంది. ఆపేశాక మేస్త్రి ఎప్పటిలాగే గుడ్డతో రెండు కార్బ్యురేటర్లనీ ఓసారి తుడిచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

చిట్టి సొరుగులోంచి ఎర్ర గోళ్ల రంగు సీసా తీసింది. బిగించిన నట్లకి గుర్తు పెట్టడానికి వాడేదే. మర తల మీంచి దాని పక్కనున్న లోహం మీదకి సన్నటి గీత గీసింది. ఎవరైనా మర కదిపితే గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది.

సోమవారం పొద్దున్నే కూడలి దగ్గర ఆమె స్కూటర్ మీద ఆగి ఉంటే, పక్కన హారన్ మోగింది. చూస్తే మాస్టారు.

“పరాకుగా ఉన్నావేంటమ్మా?”

“మీరు వచ్చింది వినపడలేదు మాస్టారూ.”

గురువారం వచ్చింది. కారూ వచ్చింది. ఎక్కిళ్లూ వచ్చాయి.

చిట్టి ఆత్రంగా బానెట్ ఎత్తింది. గీత చెక్కు చెదరలేదు. మర ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అంటే తప్పుగా బిగించింది నాన్నే.

“నాన్నా, ఒక్క నిమిషం లోపలికి రా.”

టైర్ల గదిలో ఆమె తలుపు దగ్గరకి వేసింది. “నాన్నా, ఏమీ అనుకోకు. నీకు సరిగ్గా వినపడ్డం లేదు. ఇక ఈ కార్బ్యురేటర్లు నేను చూసుకుంటాను.”

మేస్త్రి కూతురి వంక వింతగా చూశాడు. “నీ స్కూటర్ వెనక చక్రం బేరింగు మంగళవారం నుంచి మూలుగుతోంది. నీకు వినిపించిందా?”

చిట్టి నిన్ననే విప్పి చూసింది. బేరింగు అరిగిపోయి ఉంది.

“మరి ఈ కారు?”

మేస్త్రి గొంతు తగ్గించాడు. “తుడిచేటప్పుడు మరని పావు తిప్పు వెనక్కి తిప్పుతాను. వేడి మీద తెలీదు. ఇంజిన్ చల్లారాక ఎక్కిళ్లు మొదలవుతాయి.”

“కావాలనా? ఎందుకు నాన్నా?”

“వాళ్లావిడ పోయాక మాస్టారు ఆ ఇంట్లో ఒక్కరే. పనుంటే తప్ప ఎవరి గడపా తొక్కని మనిషి. నాకైతే నువ్వున్నావు. పాపం, ఆయనకెవరున్నారు?” గుడ్డ భుజాన వేసుకున్నాడు. “ఆయనకి మాత్రం చెప్పకు.”

తను నాన్నని ఎంత మాట అనేసింది! చిట్టి కళ్లు తుడుచుకుని బయటికి వచ్చింది.

మాస్టారు కారు పక్కన నిలబడి, తన చిన్న పుస్తకంలో కిలోమీటర్లు రాసుకోవడానికి జేబులోంచి పెన్ను లాగారు. దాంతోపాటు స్క్రూడ్రైవరు జారి కింద పడింది. చిట్టి వంగి తీసింది.

దాని మొనకి ఎర్రరంగు పెచ్చు అంటుకుని ఉంది.

ఆమె గబుక్కున బానెట్‌లోకి వంగింది. గీత నిటారుగానే ఉంది. కానీ మరకీ పక్క లోహానికీ మధ్య రంగులో వెంట్రుకంత పగులు. తిప్పి, మళ్లీ గీతకి గీత కలిపితే తప్ప అలా పగలదు. సోమవారం కూడలిలో ఆ కారు చప్పుడు ఎందుకు వినపడలేదో ఇప్పుడు తెలిసింది. అప్పుడు దానికి ఎక్కిళ్లే లేవు.

మాస్టారు స్క్రూడ్రైవరు అందుకుని, టైర్ల గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

“మీ నాన్నకి మాత్రం చెప్పకమ్మా.”