దూదికన్నా తేలిక

“ఫ్యాన్ ఎవరు వేశారు?”

ఆచార్య విచిత్ ల్యాబ్ అదిరేలా అరిచాడు. ఖాళీ గాజు గిన్నె పట్టుకుని ఆయన పరిశోధక విద్యార్థిని ఫిక్కుల్ బిక్కచచ్చి నిలబడింది. దురియన్ పండు తొనల మధ్య ఉండే బెండుని గడ్డకట్టించి, ఆరబెట్టి, కొలిమిలో కాల్చి చేసిన బొగ్గు ముక్క పొద్దుట అందులోనే ఉంది. కంటికి కనపడని రంధ్రాలతో కరెంటుని నిలవ చేసే సరుకు. చూడ్డానికి బొత్తామంత, బరువు దూదికన్నా తక్కువ. ఆ ముక్క సాయంత్రం బస్సుకి బ్యాంకాక్ పరీక్షకి వెళ్ళకపోతే ఆమె స్కాలర్‌షిప్ ఇక్కడితో సరి. మళ్ళీ చేద్దామన్నా దురియన్ కాలం అయిపోయింది.

“అన్నం తిన్నాక కాస్త కునుకు పట్టింది సార్. లేచేసరికి ఫ్యాన్ తిరుగుతోంది.”

“మూత పెట్టకుండా నిద్రేమిటమ్మా? బుద్ధి గడ్డి తిన్నదా?”

“నేను వెయ్యలేదు సార్, ఒట్టు!” అంది జూనియర్ దావ్, ఎవరూ అడక్కుండానే.

బల్లల కింద, కొలిమి వెనక, చివరికి చెత్తబుట్టలో కూడా వెతికారు. ఆచార్యుడు నెత్తిన నిలబడి చివాట్లు పెడుతూనే ఉన్నాడు. బల్ల కిందనుంచి లేచిన ఫిక్కుల్ ఆయన వంక ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత గబుక్కున మోకాళ్ళమీద కూలబడి, ఆయన పాదాల ముందు దోసిలి పట్టింది.

“తప్పయిపోయింది సార్!”

ఆయన కోపం నీరుగారిపోయింది. చప్పున ఆమె మీదికి వంగాడు.

“లే తల్లీ, లే. చెమటతో తడిసి ముద్దయి నిద్రపోతున్నావు, చూడలేక ఫ్యాన్ వేసింది నేనే. ఒప్పుకోవడానికి మొహం చెల్లక అరిచాను. బ్యాంకాక్ వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా నీకు గడువు తెస్తాను.”

గబగబా బయటికి వెళ్ళిపోయాడు. ఫిక్కుల్‌కి ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది.

“ఫ్యాన్ వేసింది ఆయన, కాళ్ళ మీద పడింది నువ్వా? ఎంత పిచ్చిదానివక్కా!” అంది దావ్.

ఫిక్కుల్ భుజంతో కళ్ళు తుడుచుకుని, మూసిన దోసిలి మెల్లగా విప్పింది. అందులో నల్లటి బొగ్గు ముక్క.

“మరేం చెయ్యనే? చెబితే తడుముకుని పొడి చేసేస్తారు. నేను తీద్దామంటే గురువుగారి తలాయె, ముట్టుకోకూడదు. ఆయన వంగితే గానీ ఇది జుట్టులోంచి రాలదు మరి!”