పొయ్యొస్తా

ఒమాన్‌లోని సలాలా. ఇంటి కింద కంపెనీ పికప్ హారన్ కొడుతోంది. నోయెల్ బూట్లు తొడుక్కున్నాడు. తల్లి మేరీకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ మాట అనిపో నాయనా."

"నేను దిగేది సొరంగంలోకి కాదు మా. రైసూత్ క్వారీలో ఏసీ బండి నడుపుతా."

"అదీ కొండే గదా."

"పొయ్యొస్తా," అన్నాడు. దారి దొరికింది.

ఇక చిన్నవ్వ కథ మొదలవుతుందని కోడలు కెజియాకు తెలుసు. మొదలైంది. నోయెల్ తాతకు అవ్వ చిన్నవ్వ. తెల్లదొరల కాలంలో చిత్తూరు దిక్కునుంచి కోలారు బంగారు గనులకు వలసపోయింది. ఒకనాడు మొగుడు "పోతా" అని గనిలోకి దిగాడు. మాట తప్పని మనిషి, పోయాడు. చిన్నవ్వ గని బయట రాళ్ళేరి పిల్లల్ని సాకింది. బంగారం దొరలది, దగ్గు ఈమెది. ఆనాటినుంచీ ఆ ఇంట్లో ఏ మగవాడూ "పొయ్యొస్తా" అనకుండా గడప దాటలేదు. కోలారు గనులు మూతపడి పద్నాలుగేళ్ళయినా మేరీకుమారి భయం మాత్రం మూతపడలేదు.

"ఎదురుమాట ఎరగదు చిన్నవ్వ, మహాతల్లి," అంటూ కోడలి వైపు చూసింది. ఆ చూపూ కథలో భాగమే.

ఈ వారమంతా కోడలు మంచిదైపోయింది. ఆస్పత్రిలో డ్యూటీ చేసొచ్చి, వంట చేసి, ఓపిగ్గా అత్తకు వాషింగ్ మెషీన్ నొక్కడం నేర్పింది. కరివేపాకు కుండీని పక్కింటి ఇక్బాలున్నీసాకు ఇచ్చేసింది. నీళ్ళు పోసేందుకు బద్ధకం, అనుకుంది మేరీకుమారి. ఏమైతేనేం, చిన్నవ్వ కథ ఇన్నాళ్ళకు ఫలించింది.

కెజియా డ్యూటీ బ్యాగు భుజాన వేసుకుంది. అది ఎప్పటికన్నా ఉబ్బి ఉంది. సలాలాలో జల్లుల కాలం, గొడుగు పెట్టుకుందేమో.

"చిన్నవ్వ కూడా పనికి పొయ్యేది గదా అత్తా. ఆమెతో ఎవరు అనిపించేవాళ్ళు ఆ మాట?"

మేరీకుమారికి నవ్వొచ్చింది.

"ఆడదాన్ని అడిగేదేముంది? యాడికి పోతాది?"

"అవును గదా."

మేరీకుమారి అప్పటికే కళ్ళు మూసుకుని, కొడుకు క్షేమంగా రావాలని ప్రార్థనలో పడింది. గుమ్మం దగ్గర కెజియా చెప్పులు వేసుకుంది. ఎన్నడూ లేనిది, ఎవరూ అడగకుండానే అంది.

"పోతా అత్తా."